పదో మూల

శంకరియమ్మాళ్‌కి దారం తెంపేవాళ్లని చూస్తే ఒళ్లు మంట. ఇరవై రెండేళ్లు నూలు మిల్లులో అరిగిన చేతులు ఆమెవి. కూరలో ఉప్పెక్కువైతే ఓర్చుకుంటుంది. మొగుడు కాళిముత్తు ఫ్యాను ఆపకుండా టీకొట్టుకి పోతే రెండు మాటలు గొణిగి ఊరుకుంటుంది. కత్తెర పట్టుకుని ఎవరైనా నూలు దగ్గరికి వస్తే మాత్రం ఆమెలోని మిల్లు మనిషి లేచి కూర్చుంటుంది. అందుకే ఆ గురువారం సాయంత్రం ఆస్పత్రుల కట్టుగుడ్డ మడతపెట్టే పని నుంచి ఇంటికొచ్చి, మనవరాలు వెన్నిలా చుట్టూ జానెడేసి దారం ముక్కలు కుప్పగా పడి ఉండడం చూసి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడిపోయింది.

“ఏమి పాపా, మంచి దారాన్ని ఇట్ల తుంచి పెట్టినావే?”

“ముప్పై తుండ్లు కావాల అవ్వా. సోమవారం కాలేజీలో ఎగ్జిబిషన్. ఒక మోడల్ చేయాల.”

వెన్నిలా ఆమె కూతురి కూతురు. తల్లికి తిరుప్పూర్‌లో బనియన్ల కంపెనీలో పని. పిల్ల రాజపాళయంలో అవ్వ దగ్గర ఉండి ఎమ్మెస్సీ లెక్కలు చదువుతోంది. లెక్కలంటే శంకరియమ్మాళ్‌కి గౌరవమే గానీ, ఈ చదువులో అంకెలు కనిపించవేమని ఒక అనుమానం ఎప్పటినుంచో ఉంది. పిల్ల నోట్‌బుక్కులో అన్నీ గీతలూ, వంకర అక్షరాలూ. ఇప్పుడు కాగితం మీద ఉన్నది కూడా అట్లాంటి చిక్కే. బయట ఐదు చుక్కలు, లోపల ఐదు చుక్కలు, వాటి మధ్య సాలెగూడులాగా గీతలు.

“ఇది ఏమిటి?”

“ఇది మన లోకంలో లేని ఆకారం అవ్వా.”

“లేనిదాన్ని చేసేదానికా ఇంత దారం పాడు చేసినావు?”

వెన్నిలా నవ్వి కత్తెర కింద పెట్టింది. ఈ అవ్వకి ఏదైనా చెప్పాలంటే మనుషులతో చెప్పాలని పిల్లకి తెలుసు. ముగ్గురు మనుషుల్ని ఒకరికొకరు సమాన దూరంలో కూర్చోబెట్టాలంటే నేల చాలు అంది. నాలుగో మనిషి కూడా ముగ్గురికీ అంతే దూరంలో ఉండాలంటే వాళ్ల నెత్తిమీద ఎక్కడో వేలాడదీయాలి. ఐదో మనిషికి మాత్రం చోటు లేదు. ఏ మూల కూర్చోబెట్టినా ఒకరికి దగ్గర, ఒకరికి దూరం అయిపోతారు.

“పొడవు, వెడల్పు, ఎత్తు కాక ఇంకొక పక్క ఉంటే దా ఐదుగురికీ సరిపోతుంది. ఆ పక్క మనకు లేదు. లెక్కలో ఉండాది. దాన్ని నాలుగో కొలత అంటారు.”

శంకరియమ్మాళ్ చెప్పులు విడిచి వచ్చి కూర్చుంది. ఐదుగురికి చోటు లేదన్న మాట ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. “సరి. చెప్పు.”

“ఆ ఐదుగుర్ని జతజతగా కలిపినామనుకో. ఎన్ని జతలు?”

“పది,” అంది శంకరియమ్మాళ్ ఆలోచించకుండా.

వెన్నిలా తలెత్తి చూసింది. వేళ్లు మడిచి లెక్కపెట్టకుండా ఆ జవాబు వాళ్ల క్లాసులో కూడా అందరూ చెప్పరు. “ఆమా, పది. ఒక్కో జతకు ఒక్కో మూల. ఆ పది మూలల ఆకారమే ఇది. ఏ మూలలో నిలబడి చూసినా ఒకే మాదిరి ఉంటుంది. ఎక్కువ తక్కువలు లేవు. అదే దీంట్లో గొప్ప.”

“ఏ మూలను ఏ మూలతో కలపాల?”

“రెండు జతల్లోనూ ఒక మనిషి ఉంటే కలపాల. ఇద్దరూ వేరే వేరే అయితే కలపకూడదు.”

“అంటే ఒకరు నిలవాల, ఒకరు మారాల.”

“అదే దా అవ్వా.”

“ఒక్కో మూలకు ఆరు గీతలు వస్తాయి. మొత్తం ముప్పై. దీనికి తెంపే పని లేదు. ఒక దారం చాలు.”

ఈసారి వెన్నిలా నోరు తెరిచేసింది. ప్రతి మూలకీ సరిసంఖ్యలో గీతలు ఉంటే మొత్తం ఆకారాన్ని ఒకే దారంతో, వెళ్లిన గీత మీద మళ్లీ వెళ్లకుండా పూర్తిచేయొచ్చని వాళ్లకి క్లాసులో మూడు పేజీల రుజువు చెప్పారు. ఐదో తరగతిలో బడి మానేసిన మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని ఆ మాట చెబుతోంది.

“నీకు ఎట్ల తెలుసు?”

“ఇది మా మురై,” అంది శంకరియమ్మాళ్. మంచినీళ్లకని లేచి లోపలికి పోయింది.

మురై అంటే వంతు. ఆ రోజుల్లో మిల్లులో రీలింగ్ ఖాతా అని ఒకటి ఉండేది. కండెల మీది నూలును పెద్ద చట్రానికి చుట్టి చిట్టాలుగా, అంటే నూలు చుట్టలుగా, తీసే చోటు. చేనేతవాళ్లకి నూలు చిట్టాలుగానే పోవాలి. అక్కడ ఐదో నంబరు చట్రం దగ్గర ఐదుగురు ఆడవాళ్లు పనిచేసేవాళ్లు. శంకరియమ్మాళ్, కళైసెల్వి, వీరమ్మాళ్, ముత్తులక్ష్మి, అరుళ్‌మేరి. చట్రం తిప్పడానికి ఇద్దరు కావాలి. మిగతా ముగ్గురూ లోపలి గదిలో చిట్టాలు కట్టలు కట్టాలి. లోపలి గదిలో దూది దుమ్ము ముక్కులోకి పోయి ఊపిరాడదు. చట్రం పక్కన మాత్రం పెద్ద కిటికీ. మధ్యాహ్నం దాటితే కొండ గాలి నేరుగా వచ్చి మొహానికి తగిలేది. ఆ గాలి కోసం ఐదుగురూ మొదట్లో పోట్లాడుకున్నారు. చెప్పొద్దూ, జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

దానికి తోడు ఆ చట్రం ఒక తిక్క మిషను. వాన పట్టిన రోజు ఎడమ పక్క నూలు తెగుతుంది. ఎండ కాస్తే బెల్టు జారుతుంది. నిన్న దాని దగ్గర ఉన్నవాళ్లకి తప్ప దాని గుణం ఇవాళ ఎవరికీ అంతుపట్టదు. అందుకని సూపర్‌వైజర్ దురైసామి ఒక షరతు పెట్టాడు. రోజూ జత మారొచ్చు, కానీ ఒకరు నిలవాలి, ఒకరే మారాలి. ఆ షరతు పెట్టి ఆయన హాయిగా పోయి కుర్చీలో కూర్చున్నాడు. దాన్ని ఎవరికీ అన్యాయం లేకుండా కుదర్చడం ఆడవాళ్ల మెడకి పడింది.

ఐదుగురికీ ఐదు రంగులు ఉండేవి. ఎవరు తీసిన చిట్టానికి వాళ్లు తమ రంగు దారం ముడి వేయాలి, తేడా వస్తే ఎవరి పని అని తెలియడానికి. శంకరియమ్మాళ్‌ది ఎరుపు, కళైసెల్విది పసుపు. మిగతావాళ్లవి ఆకుపచ్చ, నీలం, నలుపు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ రంగు దారాలు జతజతలుగా నేల మీద పరిచి ఐదుగురూ బోర్లా పడుకుని ఆలోచించేవాళ్లు. ఈ జత తరువాత ఏ జత? ఈ మార్పు ముందే అయిపోయిందా? ఎవరికైనా రెండుసార్లు వస్తోందా? రెండు నెలలు పట్టింది. చివరికి దారి కనిపెట్టింది శంకరియమ్మాళూ కళైసెల్వీ. ముప్పై పనిరోజులు. ముప్పై మార్పులు, ఏదీ రెండోసారి రాదు. ప్రతి జతా మూడు రోజులు చట్రం దగ్గర, ప్రతి మనిషీ పన్నెండు రోజులు కిటికీ గాలిలో. ముప్పై ఒకటో రోజుకి మళ్లీ మొదటి జత. ఆ మొదటి జత శంకరి, కళ.

ఆ మురై ఆరేళ్లు నడిచింది. శంకరియమ్మాళ్‌కి తన పెళ్లి రోజు ఏ వారమో గుర్తులేదు గానీ, పదిహేడో రోజు చట్రం దగ్గర ఎవరెవరు నిలబడతారో ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. వీరమ్మాళ్ చట్రం తిప్పుతూ పాడేది, శ్రుతి లేదు, అయినా పాడేది. అరుళ్‌మేరి క్రిస్మస్‌కి తెచ్చే కేకు నాలుగు ముక్కలే ఉంటే ఐదు చేయడానికి ముత్తులక్ష్మి పడే పాట్లు చూసి తీరాలి. ఆ రోజుల్లో ఆమె ఎంత సంతోషంగా ఉందంటే, సంతోషంగా ఉన్నానని అనుకోవడానికి కూడా తీరిక ఉండేది కాదు. ఐదుగురూ ఒకరికొకరు సమానం. చోటు లేదని ఎవరూ వాళ్లకి చెప్పలేదు.

మర్నాడు శుక్రవారం. కాళిముత్తు ఎక్కడినుంచో ఒక ప్లైవుడ్ పలక పట్టుకొచ్చాడు. వెన్నిలా చుక్కలు పెట్టిన చోట పది మేకులు కొట్టి, ఒకటి వంకర పోతే పీకి మళ్లీ కొట్టి, ఇంజనీరులాగా దూరంగా నిలబడి చూసుకున్నాడు. ఇది నీడ మాత్రమే అని పిల్ల చెప్పింది. అసలు ఆకారంలో ముప్పై గీతలూ ఒకే పొడవు. పలక మీద పడేసరికి కొన్ని పొట్టి, కొన్ని పొడుగు.

శంకరియమ్మాళ్ ట్రంకుపెట్టె అడుగునుంచి రంగు దారాల చిన్న మూట తీసింది. ఒక్కో మేకుకి రెండేసి రంగులు గుర్తుగా కట్టుకుంటూ వచ్చింది. ఎరుపూ ఆకుపచ్చా. నీలమూ నలుపూ. తొమ్మిది మేకులకి కట్టి మూట ముడి వేసేసింది.

“పదోది?”

“అది వద్దు.”

“వద్దంటే ఎట్ల అవ్వా? పది మూలలు ఉండాల.”

“తొమ్మిదితో చేసి చూపిస్తాను, ఉండు.”

తెల్ల నూలు ఉండ తీసుకుని శంకరియమ్మాళ్ మొదలుపెట్టింది. చెయ్యి ఎక్కడా తడుముకోలేదు. ఈ మేకు నుంచి ఆ మేకుకి, అక్కడినుంచి ఇంకో మేకుకి. పది పన్నెండు గీతలు పడ్డాయో లేదో, దారం ఒక మేకు దగ్గరికి చేరి ఆగిపోయింది. అక్కడినుంచి పోవడానికి మిగిలిన గీత లేదు. విప్పి ఇంకో దారిన వచ్చింది. మళ్లీ ఆగిపోయింది. మధ్యాహ్నం పనికి వెళ్లకుండా కూర్చుంది. సాయంత్రానికి విసుగొచ్చి, జన్మలో మొదటిసారి తన చేత్తో తనే దారం తెంపి కొత్త దారం మొదలుపెట్టింది. అదీ మధ్యలో నిలిచిపోయింది. మూడో దారంతో గానీ తొమ్మిది మూలలూ నిండలేదు.

కాలేజీ నుంచి వచ్చిన వెన్నిలా పలక చూసింది. “మూడు తుండ్లు అయినాయా? మూడే కావాల అవ్వా, తక్కువలో అయ్యేది కాదు. ఆ మూల పెరికేస్తే చుట్టూ ఉండే ఆరు మూలలకూ ఒక్కో గీత పోతుంది. ఆరు ఐదవుతుంది. ఐదైతే దారం లోపలికి వస్తుంది, బయటికి పోయేదానికి దారి ఉండదు.” తరువాత మెల్లగా అడిగింది. “ఆ మూల ఎవరిది?”

“నాదీ కళైసెల్విదీ.”

అంతకుమించి చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. మనవరాలికే కాదు, ఇరవై ఏడేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

జరిగింది పెద్ద విషయమేమీ కాదని ఆమె తనకి తను చాలాసార్లు చెప్పుకుంది. తొంభై ఏడో సంవత్సరం, ఐప్పసి నెల వానలు. ఆ రోజు చట్రం దగ్గర వాళ్లిద్దరూ. ఇంట్లో పదమూడేళ్ల పిల్లకి, అంటే ఈ వెన్నిలా తల్లికి, మూడు రోజులుగా జ్వరం. శంకరియమ్మాళ్ మనసు అక్కడే ఉంది. నలభై కౌంట్ నూలు తీయాల్సిన చట్రానికి పక్క బుట్టలోంచి అంతకంటే సన్నని అరవై కౌంట్ కండెలు నాలుగు పెట్టేసింది. చేతికి తేడా తెలియాల్సింది. తెలియలేదు. తీసిన చిట్టాలకి ముడి వేసేటప్పుడు చూస్తే నడుముకు దోపుకున్న ఎర్ర దారాలు అయిపోయాయి. పక్కనే నిలబడి ఉన్న కళ నడుము నుంచి నాలుగు పసుపు దారాలు లాగి కట్టేసింది. అడిగి తీసుకునే అలవాటు వాళ్లలో ఎవరికీ లేదు. ఒకరి దారం ఒకరు తీసుకుంటే తప్పని ఎవరికి తోస్తుంది?

పది రోజులకి ఆ కట్ట తిరిగొచ్చింది. సన్నదీ లావుదీ కలిసిన నూలుతో మగ్గం మీద గుడ్డంతా చెడిపోయిందని కొన్నవాళ్లు మండిపడ్డారు. దురైసామి ఆ చిట్టాలు తెచ్చి ఐదుగురి ముందూ పెట్టాడు. పసుపు ముడి. కళైసెల్వి ఆ ముడి చూసింది. తరువాత శంకరియమ్మాళ్ వంక చూసింది. శంకరియమ్మాళ్ తల వంచుకుని కట్ట కడుతూ ఉండిపోయింది. అంతే. సాయంత్రానికి కళైసెల్వి టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దాటి పోయింది.

నలుగురు మిగిలారు. నలుగురైతే ఆరు జతలు, పన్నెండు మార్పులు. ఆ మురై కూడా ఎక్కడా తడబడకుండా నడిచింది. అదే ఆమెకి అన్నిటికంటే బాధ. నిన్న రాత్రి వెన్నిలా కాగితం మీద ఆ ఆకారంలోని గదులు చూపించింది. ఐదుగురిలో ఒక్కొక్కరికీ నాలుగు మూలల గది ఒకటి, ఆమె ఉన్న జతలన్నీ అందులో ఉంటాయి. ఒక్కొక్కరూ లేని గది ఒకటి, దానికి ఆరు మూలలు. లేని గదే పెద్దది అవ్వా, అని పిల్ల తమాషాగా అంది. కళ లేని గదిలో శంకరియమ్మాళ్ పదకొండేళ్లు పనిచేసింది, రీలింగ్ ఖాతా మూసేసేదాకా. ఆ గది ఎంత పెద్దదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వీరమ్మాళ్ లేదు, కరోనాలో పోయింది. అరుళ్‌మేరి ఎక్కడో మధురైలో కూతురి దగ్గర. ముత్తులక్ష్మి పక్క వీధిలోనే ఉన్నా చెవులు వినిపించవు. కళైసెల్వి మంసాపురంలో తమ్ముడి పొలం చూసుకుంటూ ఉందని తెలుసు. బస్సెక్కితే ఎంతో దూరం కాదు. ఇరవై ఏడేళ్లుగా ఆ బస్సు ఇంటి ముందునుంచే పోతోంది.

శుక్రవారం పొద్దుపోయేలోపు శంకరియమ్మాళ్ మూడు దారాలూ విప్పేసింది. పదో మేకుకి ఎరుపూ పసుపూ కట్టింది. అక్కడే మొదలుపెట్టి, పాత మురై ప్రకారం, ఒకరు నిలిచి ఒకరు మారుతూ, ముప్పై గీతలూ ఒకే దారంతో వేసింది. ఒక్కసారి కూడా ఆగలేదు. దారం ముప్పయ్యో గీత దాటి మొదటి మేకు దగ్గరికే వచ్చింది. ముడి వేయడమే మిగిలింది. వేయలేదు.

“కట్టు అవ్వా, అయిపోయింది కదా,” అంది వెన్నిలా.

“రేపు,” అంది ఆమె.

శనివారం పొద్దున పలకని పాత చీరలో చుట్టి చంకన పెట్టుకుని టౌన్ బస్సెక్కింది. కండక్టర్ అది టీవీ అనుకుని లగేజి టికెట్టు కొట్టబోయాడు. చీర విప్పి చూపిస్తే, ముగ్గు అనుకుని “కోలమా?” అని అడిగి ఊరుకున్నాడు. దారి పొడుగునా ఆమె చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. మంసాపురంలో దిగేసరికి అందులో ఒక్కటీ గుర్తులేదు. వెనక్కి పోదామా అని కూడా అనిపించింది. అప్పటికే బస్సు వెళ్లిపోయింది.

రేకుల పందిరి కింద కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తోంది కళైసెల్వి. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. మట్టి పనికి వేళ్లు మొరటుగా అయిపోయాయి. తలెత్తి, కళ్లు చిట్లించి, ఎవరో పోల్చుకుంది. లేవలేదు. పక్కనున్న గోనెపట్టా మాత్రం కొంచెం ఇటు జరిపింది.

“కూర్చో. ఎండలో వచ్చినావు.”

శంకరియమ్మాళ్ కూర్చుంది. చేతులు ఊరికే ఉండలేక తనూ నాలుగు చింతపండు రెబ్బలు తీసుకుని గింజలు తీయడం మొదలుపెట్టింది. పది గింజలు తీశాక నోరు పెగిలింది.

“కళా, ఆ దినం అరవై కండెలు పెట్టింది నేను. పసుపు దారం కట్టింది నేను. నా ఎరుపు అయిపోయినాది. నీ నడుంలో నుంచి తీసినాను. దురైసామి అడిగినప్పుడు నోరు తెరవలేదు. భయపడినాను. తప్పు చేసినాను.”

“తెలుసు,” అంది కళైసెల్వి.

శంకరియమ్మాళ్ చేతిలో గింజ కింద పడింది.

“నువ్వు దారం లాగినప్పుడే తెలుసు. చక్కిలిగిలి పెట్టినాది. నవ్వినాను గూడా. నీకు గ్యాపకం లేదు, నువ్వు బిడ్డ గురించి ఏడస్తా ఉంటివి.”

“తెలిసి ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే నిన్ను పంపించి ఉంటారు. నీకు జ్వరం బిడ్డ. నాకు ఎవరుండిరి అప్పుడు? ఒంటి మనిషిని, ఎక్కడన్నా కూలికి పోతానులే అనుకున్నాను. మిల్లు పోయినది నాకు అంత పెద్దదిగా తోచలేదు శంకరీ.”

“అప్పుడు నా మీద కోపం లేదా?”

“లేకేమి. నిండా ఉండింది.” కళైసెల్వి చేతులు ఆపింది. “ఆ పైన సంతలో నన్ను చూసినావు. చూసి, రోడ్డు దాటి ఆ పక్కకు పోయినావు. సరి, చూడలేదేమో అనుకున్నాను. ఇంకొకసారి. మూడోసారి గూడా. ఎంచినాను. నాలుగోసారి నిన్ను చూసి నేనే దాటి పోయినాను.”

శంకరియమ్మాళ్‌కి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఆమె మోసింది నాలుగు పసుపు దారాల బరువు. ఆ బరువు మోస్తూ, ఎదురుపడే ధైర్యం లేక రోడ్డు దాటిన సంగతి ఆమెకి తప్పుగా ఒక్కసారైనా తోచలేదు. అసలు తప్పు అక్కడ ఉందని తెలియకుండానే ముసలిదైపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కళైసెల్వి ఓదార్చలేదు, వద్దనలేదు. ఏడుపు అయ్యేదాకా కూర్చుని, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది.

“అది ఏమిటి, చీరలో?”

పలక విప్పితే కళైసెల్వి ఒళ్లో పెట్టుకుంది. వేలు పదో మేకు మీది ఎరుపూ పసుపూ దగ్గర పెట్టి, దారం వెంట నడిపించింది. రెండో రోజు, మూడో రోజు. పెదవులు కదులుతున్నాయి. పేర్లు చదువుతోంది. వీరమ్మాళ్ పేరు దగ్గర వేలు కాస్త ఆగింది. మళ్లీ కదిలింది. ముప్పై గీతలూ తిరిగి వచ్చేసరికి ఆమె మొహం మెత్తబడింది.

“మన మురై. అప్పుడే తెలుసు నాకు, ఇది చుమ్మా, ఊరికే పెట్టుకున్న వంతు కాదని. ఏమో ఉండాదని.”

“మనవరాలు చెప్తా ఉండాది, ఇది మన లోకంలో పట్టదంట. పట్టాలంటే ఇంకో పక్క కావాలంట.”

“పావం, దానికి ఏమి తెలుసు. ఆ కిటికీ పక్కన పట్టింది కదా.” కళైసెల్వి వేలాడుతున్న దారం కొస చూసింది. “ఇది ఎందుకు వదిలినావు?”

“నిన్ను అడగకుండా కట్టకూడదని. నువ్వు కట్టు.”

కళైసెల్వి కొస పట్టుకుని చూపుడువేలికి చుట్టుకుంది. బొటనవేలు దాని మీదికి వచ్చింది. మిల్లు ముడి, కళ్లు మూసుకుని కూడా వేయగలదు. కళైసెల్వి వేలు విప్పేసింది. దారం కొస మళ్లీ కిందికి జారింది.

“వద్దు. ఈ దినం కట్టేస్తే, సరి, అయిపోయింది అని నువ్వు మళ్లీ రావు. నిన్ను నాకు తెలియదా?”

“సోమవారం పాప కాలేజీలో చూపించాల కళా.”

“చూపించనీ. కొస వేలాడితే వేలాడనీ. ఎవరన్నా అడిగితే, కట్టేవాళ్లు ఇద్దరూ ఇంకా మాట్లాడతా ఉండారు అని చెప్పమను.” పలకని చీరలో చుట్టి శంకరియమ్మాళ్ ఒళ్లో పెట్టింది. “వచ్చే శనివారం పొద్దున్నే రా. సాయంత్రం దాకా ఉండేట్ల రా.”